రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి జీవితం: విద్యాదానం – దానపాలనం

దానాన్ని గూర్చి మన శాస్త్రాలు విస్తారంగా చర్చించాయి. దేశం, కాలం, పాత్రం, ద్రవ్యం, శ్రద్ధ అనే అంగాలను అవి నిర్దేశించాయి. భగవద్గీత పదిహేడవ అధ్యాయం దాత మనోవృత్తిని బట్టి దానాన్ని సాత్త్విక, రాజస, తామస భేదాలుగా విభజించింది. ధర్మశాస్త్రకారులు నిత్య, నైమిత్తిక, కామ్య దానాలను వేరుచేసి చూపారు. ఒకసారి ఇచ్చినవాడు మరల మరల ఇవ్వడానికి కారణమేమిటి, ఒకరు మొదలుపెట్టిన దానాన్ని వేరొకరు ఎందుకు కొనసాగిస్తారు అనే ప్రశ్న మాత్రం శాస్త్రాలకంటే శాసనాలకే ఎక్కువగా ఎదురయింది. దానశాసనాల చివర తరచుగా కనిపించే శ్లోకాల సారాంశం సుప్రసిద్ధం. దానం చేయడం ఒక ఎత్తు. పరులు చేసిన దానాన్ని కాపాడడం అంతకు మించిన ఎత్తు. దానపాలనాల రెండింటిలో పాలనమే శ్రేయస్కరమని మన పూర్వులు రాతిమీద చెక్కి ఉంచారు.

ఈ దృష్టితో ఆధునిక తెలంగాణ విద్యాచరిత్రను పరిశీలించినప్పుడు మొదట గుర్తుకు వచ్చే పేర్లలో రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి పేరు ఒకటి. ఆయన హైదరాబాదు నగర కొత్వాలుగా ప్రసిద్ధుడు. తన సొంత సొమ్ముతో మహాదానాలు చేసిన సంస్థానాధీశుడు కాడు. ఇతరులచేత విద్యకు ఇప్పించినవాడు, ఇచ్చినదాన్ని కాపాడినవాడు. అందుచేత విద్యాదాన నిరంతరతకు మూలమేమిటో తెలుసుకోవడానికి ఆయన జీవితం మంచి ఉదాహరణ. ఆ జీవితాన్ని ఈ దృక్కోణం నుంచి సంగ్రహంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

మాన్యం – చందా

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. కాకతీయుల కాలపు విద్యాదానానికి 1261 నాటి మల్కాపురం శాసనం ప్రసిద్ధమైన ఆధారం. గణపతిదేవ, రుద్రమదేవుల గురువైన విశ్వేశ్వర శివాచార్యుల ఆధ్వర్యంలో వెలసిన గోళకీమఠంలో వేదాలు బోధించేవారికీ, వ్యాకరణ తర్క సాహిత్యాదులు బోధించేవారికీ, విద్యార్థుల భోజన వసతులకూ గ్రామాల ఆదాయంలో భాగాలు ఏర్పాటయ్యాయి. ఇది భూదానం. భూమి ఏటేటా పండుతుంది. ఆ పంటలో పాలు ఏటేటా మఠానికి చేరుతుంది. దాత మరల మనసు చేసుకోవలసిన అవసరం లేదు. ఒక్కసారి కలిగిన సంకల్పం శిల మీద నిలిచిపోయింది.

ఇరవయ్యో శతాబ్దిలో విద్యాసంస్థలకు ఆధారమైనది చందా. చందాకు భూమి వలె తనంత తాను పండే గుణం లేదు. ప్రతి సంవత్సరం దాత మరల తలచుకోవాలి, మరల సంచి విప్పాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయల వంతున ఇవ్వడానికి పూనుకున్నప్పుడు ఆ భారాన్ని మోయగల సంస్థానం ఆయన వెనుక ఉంది. సంస్థానం లేని కార్యకర్త పదిమంది వద్ద పోగుచేసి, మరుసటి ఏడు మళ్లీ ఆ పదిమంది గడపలే ఎక్కాలి. వెంకటరామారెడ్డి ఎదుర్కొన్న సమస్య ఇదే.

జననం – బాల్యం

వెంకటరామారెడ్డి 1869 ఆగస్టు 22న పాలమూరు ప్రాంతంలోని రాయణిపేటలో జన్మించారు. శైశవంలోనే తల్లిని కోల్పోయారు. మాతామహి పోషణలో పెరిగారు. వనపర్తిలో వీధిబడి చదువు సాగింది. తెలుగుతో పాటు ఉర్దూ, పారశీకాలు నేర్చారు. తరువాత ఉద్యోగరీత్యా కన్నడ, మరాఠీ భాషలతో పరిచయం ఏర్పడింది. కళాశాల విద్య ఆయనకు లభించలేదు. చదువుకునే వయసులోనే పోలీసు శాఖలో పనిచేస్తున్న బంధువు వెంట రాయచూరు వైపు వెళ్లారు. ఆ బంధువు మరణించడంతో ఆధారం పోయింది. ఒక పై అధికారి దయతలచి, పద్దెనిమిదేళ్లయినా సరిగా నిండని ఆ యువకుణ్ణి ముద్గల్‌లో అమీనుగా నియమించారు. నేటి లెక్కలో అది సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయి ఉద్యోగం.

ఈ రెండు సంఘటనలు ఆయన జీవితానికి పునాది అని చెప్పవచ్చు. ఒకటి, చదువు మధ్యలో ఆగిపోయిన కొరత. రెండు, ఇంటిపెద్ద అండ లేని పరవూరిలో ఒక అన్యుడు చేయూతనివ్వడం. లేనితనం ఎరిగినవారందరూ దాతలు కారు. తాను పొందిన సాయాన్ని ఋణంగా భావించినప్పుడే అనుభవం దానంగా పరిణమిస్తుంది. మన సంప్రదాయం చెప్పిన ఋణత్రయంలో ఋషిఋణం అధ్యయనంచేత తీరుతుంది. తనకు అధ్యయనం దక్కనివాడు ఇతరుల అధ్యయనానికి తోడ్పడి ఆ ఋణం తీర్చుకున్నాడని వెంకటరామారెడ్డి జీవితాన్ని వ్యాఖ్యానిస్తే అతిశయోక్తి కాబోదు.

ఉద్యోగ జీవితం

అమీను పదవి నుంచి అంచెలంచెలుగా ఎదిగి, నిజాం రాజ్యంలోని పలు జిల్లాలలో పోలీసు అధికారిగా పనిచేశారు. తెలుగు, కన్నడ, మరాఠీ ప్రాంతాల పల్లెలను దగ్గరగా చూశారు. ఆ పిమ్మట నగర పోలీసు శాఖలో ప్రవేశించి, 1920లో హైదరాబాదు కొత్వాలు అయ్యారు. కొత్వాలు నేరుగా నిజాం ప్రభువుకు జవాబుదారి. అసఫ్‌జాహీల కాలంలో ఆ పదవిని పొందిన తొలి హిందువుగా చరిత్రకారులు ఆయనను పేర్కొంటారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనకు రాజాబహద్దూర్ బిరుదునిచ్చారు. బ్రిటిషు ప్రభుత్వం ఓ.బి.ఇ. గౌరవమిచ్చింది. పద్నాలుగేళ్లు పనిచేసి 1934లో కొత్వాలు పదవి విరమించారు.

ఉద్యోగంలో గడించిన ఈ అనుభవం విద్యారంగంలో ఆయనకు ఉపకరించింది. ఏ జిల్లాలో ఏ దేశముఖు ఉన్నాడో, ఎవరికి ఎంత శక్తి ఉందో, ఎవరి పిల్లలు చదువు లేక తిరుగుతున్నారో ఆయనకు తెలుసు.

వసతిగృహ స్థాపన

ఆ కాలపు పరిస్థితిని గ్రహించడానికి ఒక మారుమూల ప్రాంతాన్ని దృష్టాంతంగా తీసుకుందాం. ఇందూరు అనబడే నిజామాబాదు జిల్లాలో ఆర్మూరుకు సమీపాన భీమ్‌గల్ ఉంది. పసుపు పంటకూ, లింబాద్రి గుట్ట మీది నరసింహస్వామి క్షేత్రానికీ అది ప్రసిద్ధం. 1918 ప్రాంతంలో అక్కడి రైతు కుమారుడు పైచదువు చదవదలిస్తే బండి కట్టుకుని నిజామాబాదు చేరి, రైలెక్కి హైదరాబాదు రావాలి. జిల్లాలో కళాశాల లేదు. నగరంలో 1887లో స్థాపితమైన నిజాం కళాశాల ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. బడి ఉంది, పంతులు ఉన్నాడు; కాని రాత్రి తల దాచుకోవడానికి చోటు లేదు, పూటకింత అన్నం పెట్టే ఇల్లు లేదు. ఉర్దూ బోధనభాష అయిన ఆ నగరంలో తెలుగు మాత్రమే తెలిసిన పల్లెటూరి బాలునికి ఆప్తులెవరూ లేరు. అనేకుల చదువు ఇక్కడే ఆగిపోయేది.

వెంకటరామారెడ్డి ఈ అవరోధాన్ని సరిగా గుర్తించారు. కొత్త పాఠశాలకంటే ముందు విద్యార్థికి నీడ కావాలని భావించారు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు ఆరంభమైంది. సంస్థానాధీశులు, దేశముఖులు, పటేళ్లు విరాళాలిచ్చారు. ఆయన దాని నిర్వహణకు ప్రధాన బాధ్యులుగా నిలిచారు.

కులం పేరుతో వెలసిన సంస్థ కాబట్టి దానికి ఒక పరిమితి ఉంది. దానిని దాచవలసిన పని లేదు. ఆ కాలంలో దాతను కదిలించిన మొదటి బంధం కులబంధమే. తన చుట్టం కొడుకు చదువుతాడనే మమకారంతోనే చాలామంది మొదటి రూపాయి ఇచ్చారు. తరువాతి దశాబ్దాలలో హైదరాబాదులో వైశ్య, మున్నూరుకాపు, గౌడ మొదలైన వర్గాల పేరిట వసతిగృహాలు వెలిశాయి. మార్గం పడిన తరువాత ఇతరులూ నడిచారు. కాని కూడబెట్టుకునే స్తోమత లేని కులాలకు ఆ మార్గం చాలాకాలం అందలేదన్నది కూడా సత్యమే.

దానపాలనం

హాస్టలు స్థాపించడంతో పని ముగియలేదు. చందాతో నడిచే సంస్థకు ఏటేటా పరీక్ష తప్పదు. ఈ సందర్భంలో వెంకటరామారెడ్డి చేసిన గొప్ప పని యోగ్యుని చేతికి సంస్థను అప్పగించడం. 1920ల దశకంలో సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టలు నిర్వహణ బాధ్యత స్వీకరించారు. సంస్కృతాంధ్రాలలో గట్టి పాండిత్యం, ఆంగ్ల విద్య రెండూ గల ప్రతాపరెడ్డి హాస్టలును భోజనశాలగా మాత్రమే ఉండనివ్వలేదు. గ్రంథాలయాన్ని పెంపొందించారు, విద్యార్థులలో మాతృభాషాభిమానాన్ని కలిగించారు. 1926 మే 10న ఆయన సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. 1934లో ప్రకటించిన గోలకొండ కవుల సంచిక 354 మంది తెలంగాణ కవులను లోకానికి పరిచయం చేసింది. తెలంగాణలో కవులు లేరన్న అపవాదుకు అది సమాధానం. ఆంధ్రుల సాంఘిక చరిత్ర గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినప్పుడు ఆయన జీవించి లేరు. వెంకటరామారెడ్డి జీవితచరిత్రను రచించినవారు కూడా ప్రతాపరెడ్డిగారే.

ఈ వరుసను గమనిస్తే దాతలు మరల ఎందుకు ఇచ్చారో కొంత బోధపడుతుంది. మొదటిసారి ఇచ్చేటప్పుడు దాత ముందు ఉన్నది అడిగినవారి ముఖం. రెండవసారి ఇచ్చేటప్పుడు అతని ముందు ఉన్నది తాను మునుపు ఇచ్చిన రూపాయి ఏమయిందనే ప్రశ్న. పరీక్ష గట్టెక్కి ఊరికి తిరిగివచ్చిన పిల్లవాడు ఆ ప్రశ్నకు సమాధానం. హాస్టలు గోడలు, గ్రంథాలయం, పత్రిక అందరికీ కనబడే సాక్ష్యాలు. ఇవి లేనిచోట ఎంతటి వక్త అడిగినా రెండవసారి సంచి విప్పడం అరుదు.

బాలికా విద్య

బాలికల విషయంలో ఈ కృషి మరింత కష్టసాధ్యమైంది. ఆ కాలంలో నిజాం రాజ్యంలో ప్రైవేటు పాఠశాల నడపడానికి ప్రభుత్వానుమతి తప్పనిసరి. 1928లో మాడపాటి హనుమంతరావు మొదలైన పెద్దలు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాలను నెలకొల్పారు. తెలుగులో చదివిన బాలికలకు ఉస్మానియా గుర్తింపు లేకపోవడంచేత పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం ఏర్పరచుకోవలసి వచ్చింది. ఈ పాఠశాలకు అండగా నిలిచిన ప్రముఖులలో వెంకటరామారెడ్డి ఒకరు. రాజభక్తుడైన ఒక ఉన్నతాధికారి, ప్రభుత్వం ప్రోత్సహించని మాతృభాషా విద్యకు తోడుగా ఉండడం సామాన్య విషయం కాదు. బాలికలకు వసతిగృహం ఏర్పాటు చేయడంలోనూ ఆయన పూనిక ఉంది.

ఇక్కడ కులబంధం ఒక్కటే దాతను నడిపించిందని చెప్పడానికి వీలులేదు. ఆడపిల్ల చదివి ఉద్యోగం చేసి దాత వంశానికి పేరు తెస్తుందనే ఆశ ఆనాటి సమాజంలో లేదు. ప్రత్యుపకారం ఆశించని ఈ దానం గీత చెప్పిన సాత్త్విక దానానికి చేరువైనది. దాత మనసు కూడా ఇవ్వడంచేతనే క్రమంగా విశాలమవుతుందని దీనివల్ల తెలుస్తున్నది. తన కుటుంబం కోసం ఇవ్వడం నేర్చినవాడు తన కులం కోసం ఇస్తాడు. ఆపైన ఊరి కోసం, భాష కోసం ఇవ్వగలుగుతాడు. అందరూ చివరి మెట్టు ఎక్కరు. మొదటి మెట్టు లేకుండా చివరిది ఎక్కినవారూ అరుదు.

అధికార ప్రభావం

ఇక ఒక చిక్కు ప్రశ్న. అడిగినవాడు నగర కొత్వాలు. కొత్వాలు చేయి చాచితే కాదనగల దేశముఖు ఎంతమంది? వారు ఇచ్చినది శ్రద్ధతోనా, భయంతోనా? అయిష్టంగా ఇచ్చినదాన్ని గీత రాజసమన్నది. ఈ సందేహాన్ని పరిశోధకుడు పక్కన పెట్టరాదు. ఇంకొక మాట కూడా ఉంది. దేశముఖు ఇచ్చిన సొమ్ము ఎక్కడిది? వెట్టిచాకిరీ, నాగుల రూపంలో రైతులను పీడించిన వ్యవస్థ ఆనాటి తెలంగాణలో ఉండేది. హాస్టలుకు చేరిన రూపాయిలో పొలంలో చెమటోడ్చినవాని వాటా ఉంది. అతని పేరు ఏ విరాళాల పట్టికలోనూ కనబడదు.

మొదటి సందేహానికి కాలమే సమాధానమిచ్చింది. 1934లో ఆయన కొత్వాలు పదవి ముగిసింది, హాస్టలు నిలిచింది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన అంతమైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దాతల వర్గం ఆర్థికబలం సడలింది. అయినా సంస్థ నిలిచింది. 1953 జనవరి 25న వెంకటరామారెడ్డి కన్నుమూశారు. మరుసటి సంవత్సరం, 1954లో, ఆయన పేరుతో నారాయణగూడలో మహిళా కళాశాల ఏర్పడింది. పదవి, రాజ్యం, వ్యక్తి అనే మూడు ఆధారాలూ వరుసగా తొలగిన తరువాత కూడా దానప్రవాహం ఆగలేదు. భయంచేత మొదలైన దానం ఏదైనా ఉంటే, అది భయం పోయిన నాడే ఆగిపోవలసింది.

రెండవ ప్రశ్నకు సమాధానం మరొక దిశ నుంచి వచ్చింది. రెడ్డి హాస్టలులో ఉండి చదివిన విద్యార్థులలో నల్లగొండ జిల్లా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి ఒకరు. సంపన్న కుటుంబీకుడైన ఆయన హరిజన సేవలో పాల్గొన్నారు. 1941లో చిలుకూరు ఆంధ్రమహాసభకు, 1944లో భువనగిరి ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించారు. దేశముఖుల పెత్తనానికి వ్యతిరేకంగా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటానికి అగ్రనాయకులలో ఒకరయ్యారు. తన భూమిని పేదలకు పంచారు. దేశముఖుల విరాళాలతో పెరిగిన హాస్టలు దేశముఖులను ఎదిరించే నాయకుణ్ణి కూడా పోషించింది. దీన్ని విపరీతంగా భావించనక్కరలేదు. విద్యాదానానికి ఇది స్వభావం. అన్నదానం ఫలితం ఆకలి తీరడం. దాత కళ్లముందే అది ముగుస్తుంది. విద్యాదానం ఫలితం ఎటు మళ్లుతుందో దాత నిర్ణయించలేడు. అది తెలిసీ ఇవ్వగలిగినవాడే నిజమైన విద్యాదాత. ఇటువంటి విద్యార్థులను పోషించిన సంస్థ నీడను వెంకటరామారెడ్డి తీసివేయలేదు.

భీమ్‌గల్ దృష్టాంతం

దృష్టాంతంగా చెప్పుకున్న భీమ్‌గల్ వైపు మరల చూద్దాం. లింబాద్రి గుట్ట మీద కార్తికమాసంలో ఉత్సవాలు జరుగుతాయి. చుట్టుపట్ల జనం ఏటేటా అక్కడికి వెళతారు, ఏటేటా తమ శక్తికొలది సమర్పించుకుంటారు. వారిని ఎవరూ ప్రబోధించనక్కరలేదు. తిథి మరల వస్తుంది. దేవుడు అక్కడే ఉన్నాడు. తమ తాతలు ఇచ్చినది కళ్లకు కనిపిస్తున్నది. కళ్లంలో రాశి కొలిచేవేళ దేవుని పాలు ముందుగా తీసి ఉంచడం తెలుగు రైతుకు అలవాటైన ఆచారం. విద్యాదానానికి ఇటువంటి తిథి, ఇటువంటి కొలత ఏర్పడలేదు. పాఠశాల కట్టిన నాడు వచ్చిన దాత గోడ బీటలువారిన నాడు రాడు. అతని పేరు చెక్కిన ఫలకం మిగులుతుంది. మధ్యకాలంలో అతనికి లెక్క చెప్పినవారుండరు.

ఆర్మూరు ప్రాంతపు గ్రామాలలో గ్రామాభివృద్ధి కమిటీలు ఊరుమ్మడి సొమ్ము పోగుచేసి గుడులకు, బడులకు, నీటివసతికి ఖర్చుపెట్టడం తెలిసిన విషయమే. కొన్నిచోట్ల అవి బలవంతపు వసూళ్లకు, సాంఘిక బహిష్కారాలకు దిగాయన్న విమర్శ కూడా ఉంది. కొత్వాలు విషయంలో వేసిన ప్రశ్ననే ఇక్కడా వేయాలి. ఒత్తిడి తొలగిన నాడు ఎవరు ఇస్తారు? ఆ నాడు కూడా ఇచ్చేవారు మిగిలితే అది దానం. మిగలకపోతే అది పన్ను. ఊరుమ్మడి చందాలతో ఒక బడిని నిలబెట్టదలచిన ఏ గ్రామమైనా ఈ భేదాన్ని ముందుగా గుర్తించాలి.

ముగింపు

వెంకటరామారెడ్డి జీవితం వల్ల విద్యాదాన నిరంతరతకు మూడు కారణాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది ఋణభావం: తాను పొందినదాన్ని, పొందలేకపోయినదాన్ని తలచుకుని ఇవ్వడం. రెండవది సామీప్యం: ఫలానా ఊరి ఫలానా పిల్లవానికి ఫలానా అవరోధం ఉన్నదని తెలిసి ఇవ్వడం. మూడవది విశ్వాసం: ఇచ్చినది యోగ్యుల చేతిలో ఉన్నదని కంటితో చూసి మరల ఇవ్వడం. కీర్తి, కులాభిమానం, అధికారుల మాట మొదలైనవి మొదటి దానానికి చాలును. రెండవ దానానికి ఈ మూడు కావాలి. వీటిలో మూడవది దాత గుణం కాదు, నిర్వాహకుని గుణం. దాతలు తగ్గిపోతున్నారని విచారించే సంస్థలు ముందుగా తమ పాలనాన్ని పరిశీలించుకోవాలి.

నగరంలో ఆయన పేరిట కళాశాల ఉంది. తెలంగాణ పోలీసు అకాడమీకి కూడా ఆయన పేరే పెట్టారు. ఆయన ఆరంభించిన వసతిగృహం 2018 నాటికి నూరేళ్లు పూర్తిచేసుకుంది. తొలి విరాళాలిచ్చినవారిలో ఎవరూ ఆ నూరవ ఏడు చూడలేదు. వారి దానాన్ని కాపాడినవారు వేరు. ఆ కాపాడినవారి పేర్లు చాలావరకు ఎక్కడా చెక్కి లేవు. మల్కాపురం శాసనకాలం నుంచి నేటివరకు విద్యాదాన చరిత్రలో అధికభాగం ఈ అజ్ఞాత పాలకులదే. వారి కృషిని గుర్తించి పరిశోధించవలసిన బాధ్యత నేటి పరిశోధకులపై ఉంది.